స్టేట్ సిలబస్, ట్యూషన్: తెలంగాణ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బడులు తెరిచిన దగ్గర్నుంచి మార్చిలో పదో తరగతి పరీక్షల దాకా తల్లిదండ్రులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకటే. అడిగే మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే పెట్టి జవాబులు రాశాను. మీ పిల్లలున్న తరగతి దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ట్యూషన్‌కి నేను వ్యతిరేకిని కాను. అయితే పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చూడకుండా కట్టే ఫీజు చాలాసార్లు వృథా అవుతుంది, దాంతోపాటు పిల్లల సాయంత్రాలూ పోతాయి. అందుకని ముందు నోట్‌బుక్ తెరవమనే చెబుతాను.

## బడిలో చేర్పించే ముందు

స్టేట్ సిలబస్ మంచిదా, సీబీఎస్ఈ మంచిదా?

ఏది చదివినా పదో తరగతి సర్టిఫికెట్ విలువ ఒకటే, ఇంటర్‌లో చేరడానికి రెండూ చెల్లుతాయి. స్టేట్ సిలబస్ పుస్తకాలు మన రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ తయారుచేస్తుంది. సీబీఎస్ఈ బడుల్లో నడిచేవి అలాంటి జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. మీ ఉద్యోగంలో వేరే రాష్ట్రాలకు బదిలీలు ఉంటే సీబీఎస్ఈ సౌకర్యం, ఎందుకంటే ఎక్కడికెళ్లినా దాదాపు అవే పాఠాలు దొరుకుతాయి. ఇక్కడే ఉండేవాళ్లు సిలబస్ పేరు కంటే వేరే విషయాలు చూడాలి. బడి ఎంత దూరం? అక్కడ టీచర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు? పిల్లల నోట్‌బుక్‌లు దిద్దుతున్నారా? ఏటా సగం మంది టీచర్లు మారిపోయే బడిలో ఏ సిలబస్ అయినా కుంటుతుంది.

ఇంకో సంగతి. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు తెస్తోంది. 2023లో 1, 2 తరగతులవి, 2024లో 3, 6 తరగతులవి, 2025లో 4, 5, 7, 8 తరగతులవి మారాయి. అక్క పుస్తకాలు తమ్ముడికి దాచిపెట్టేవాళ్లు అవి ఇంకా నడుస్తున్నాయో లేదో ముందు బడిలో అడగండి.

స్టేట్ సిలబస్ చదివితే జేఈఈ, నీట్‌లో వెనకబడిపోతారట కదా?

ఆ పరీక్షల్లో అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠాల్లోంచి. పదో తరగతి దాకా కావాల్సింది గట్టి పునాది. భిన్నాలు, నిష్పత్తులు తడబడకుండా చేయాలి. సమీకరణం ఎందుకు రాస్తున్నామో తెలియాలి. గ్రాఫ్ చూసి అర్థం చెప్పగలగాలి. సైన్సులో ఒక ప్రయోగం చెప్పి కారణం వివరించగలగాలి. ఇవన్నీ స్టేట్ పుస్తకాల్లో ఉన్నాయి. కాకపోతే పుస్తకంలో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అని ఉన్నచోట చర్చ జరగకుండా, బోర్డు మీది జవాబు ఎక్కించుకుని ముందుకెళ్లిపోతే మాత్రం పిల్లలు నష్టపోతారు. ఆ నష్టం సీబీఎస్ఈ బడిలోనూ జరుగుతుంది.

బడి బోర్డు మీద సీబీఎస్ఈ అని ఉంది. నిజంగా గుర్తింపు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అఫిలియేషన్, అంటే బోర్డు ఇచ్చిన గుర్తింపు నంబర్ అడగండి. అది ఏ తరగతి వరకు ఉందో కూడా అడగండి. ఆ నంబరుతో, బడి పేరుతో సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో వెతికితే వివరాలు వస్తాయి. ‘సీబీఎస్ఈ ప్యాటర్న్’, ‘సీబీఎస్ఈ కరిక్యులం’ అని మాత్రమే రాసి ఉంటే అఫిలియేషన్ ఉన్నట్టు కాదు. అలాంటి చోట పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి వేరే బడి పేరు మీద పరీక్ష రాయాల్సిన పరిస్థితి రావచ్చు. స్టేట్ సిలబస్ బడి అయితే ఏ తరగతి దాకా గుర్తింపు ఉందో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోవచ్చు. ప్రతి బడికీ దాన్ని గుర్తించే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అదీ రాసి పెట్టుకోండి. అడ్మిషన్ ఫీజు కట్టకముందే ఈ పనులు చేసుకోవాలి.

సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లో కూడా తెలుగు చదవాల్సిందేనా?

చదవాల్సిందే. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా పదో తరగతి వరకు తెలుగు నేర్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలకు కష్టంగా ఉంటోందని, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడుల్లో 9, 10 తరగతులకు ‘సింగిడి’ బదులు సులభంగా ఉండే ‘వెన్నెల’ వాచకం పెట్టాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిర్ణయించింది.

ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ మీడియం అంటున్నారు. మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదు, పిల్లకి అర్థమవుతుందా?

ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. అప్పుడే ద్విభాషా పుస్తకాలూ వచ్చాయి. ఒక పేజీలో పాఠం తెలుగులో ఉంటే, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది. మీకు తెలుగు చదవడం వస్తే చాలు, ఈ పుస్తకం మీ చేతిలో పెద్ద ఆసరా. ముందు తెలుగు పేజీ ఇద్దరూ కలిసి చదవండి. సంగతి అర్థమయ్యాక పిల్లను ఇంగ్లిష్ పేజీ చదవమనండి. తెలుగు పేజీ చదివితే ఇంగ్లిష్ రాదేమోనని దాన్ని చూడనివ్వని తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాఠం అర్థమైన పిల్లకే ఇంగ్లిష్ మాట గుర్తుంటుంది.

## 1 నుంచి 5 తరగతులు

మూడో తరగతి అయ్యేసరికి పిల్లలకి ఏమేం రావాలి?

కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి, తమ స్థాయికి తగిన, ముందెప్పుడూ చూడని పాఠాన్ని అర్థం తెలుసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. 9999 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. చిన్న గుణకారం లెక్కలు చేయాలి. మన దగ్గర ప్రాథమిక తరగతుల కోసం 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కలు చేయడం మీదే నడుస్తుంది.

స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవాల్సిన పని మాత్రం లేదు. తెలుగు మాటలు పొడుగు, ఒత్తులు ఎక్కువ. ఆగి ఆగి చదివినా, చదివింది తన మాటల్లో చెబుతోందంటే పిల్ల సరైన దారిలోనే ఉంది.

మార్కులు బాగానే వస్తున్నాయి, కానీ కొత్తది ఏదైనా చదవమంటే బిక్కమొహం వేస్తోంది. ఎందుకని?

పాఠం కంఠతా వచ్చేసి ఉంటుంది. క్లాసులో పదిసార్లు విన్న పాఠాన్ని పిల్లలు పుస్తకం చూడకుండానే అప్పజెప్పగలరు, వేలు ఒక లైన్ మీద, నోరు ఇంకో లైన్ మీద ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. పాఠంలో మధ్యలోంచి ఒక వాక్యం చూపించి చదవమనండి. లేదా కింది తరగతి పుస్తకంలో చదవని కథ ఒకటి ఇవ్వండి. గుణింతం దగ్గర ఆగుతోందా, ఒత్తు దగ్గర ఆగుతోందా, చదివేసి అర్థం చెప్పలేకపోతోందా చూడండి. ఈ మూడింటికీ మందు వేరువేరు. ఆగిన మాటలు ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచర్‌కి చూపిస్తే వాళ్లకి ఎంతో ఉపయోగం. ‘మా పాప చదవట్లేదు మేడం’ అని చెప్పేదానికీ దానికీ చాలా తేడా ఉంది.

లెక్కల్లో అజాగ్రత్త ఎక్కువ అంటున్నారు. కొన్ని రైటు, కొన్ని తప్పు. ఏం చేయాలి?

అజాగ్రత్త అనుకున్న తప్పులు చాలాసార్లు ఒకే తీరులో ఉంటాయి. 503లోంచి 287 తీసేయమంటే 384 అని రాసే పిల్లలుంటారు. ఎలా వచ్చిందో చూడండి. ఒకట్ల స్థానంలో 3లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 3 తీసి 4 వేశాడు. పదుల్లో 0లోంచి 8 పోదు, అందుకని 8లోంచి 0 తీసి 8 వేశాడు. వందల్లో 5లోంచి 2 పోతే 3. అప్పు తెచ్చుకోవడం అర్థం కాక, ఎక్కడైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని తనే ఒక నియమం పెట్టుకున్నాడు. ఇదే పిల్లవాడు 589లోంచి 234 పోతే ఎంతంటే ఠకీమని 355 అంటాడు, అది సరైనదే. అప్పు తేవాల్సిన పని లేని లెక్కలన్నీ రైటు, మిగతావి తప్పు.

ఇలాంటి పిల్లవాడికి ఇంకో 50 లెక్కలు ఇస్తే ఆ తప్పు నియమమే గట్టిపడుతుంది. వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్లలు ముందు పెట్టండి. 503 రూపాయలు లెక్కపెట్టించి, అందులోంచి 287 ఇవ్వమనండి. చిల్లర చాలదని వాడికే తెలుస్తుంది. ఒక వంద మార్చి పది పదులు చేస్తాడు, అందులో ఒక పది మార్చి రూపాయలు చేస్తాడు. చివరికి చేతిలో 216 మిగులుతుంది. అప్పుడు అదే లెక్క నోట్‌బుక్‌లో చేయించండి.

హోంవర్క్ ఎంత ఉండాలి?

2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదు. 6 నుంచి 8 వరకు రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు. రెండో తరగతి పిల్ల రాత్రి తొమ్మిదింటికి కూడా రాస్తూ కూర్చుంటోందంటే బడిలో అడిగే హక్కు మీకుంది.

నాకు చదువు రాదు. ఇంట్లో పిల్లలకి ఎలా సాయం చేయాలి?

ఈ ప్రశ్న అడుగుతూ చాలామంది తల్లులు తలదించుకుంటారు. తలదించుకోవాల్సింది ఏమీ లేదమ్మా. చదువు రానివాళ్లు చేయగలిగింది చాలా ఉంది, అందులో కొంత చదువుకున్నవాళ్లు కూడా చేయరు.

రోజూ ఒక వేళ పెట్టి, ఆ వేళకు టీవీ, ఫోన్ పక్కన పెట్టి పిల్లల దగ్గర కూర్చోండి. ‘ఇవాళ సారు ఏం చెప్పారు? నాకు చెప్పు’ అని అడగండి. మీకు తెలియదు కాబట్టి పిల్లలు నిజంగా విడమర్చి చెప్పాల్సి వస్తుంది, చెబుతుంటేనే వాళ్లకి ఎక్కడ తెలియలేదో తేలుతుంది. మధ్యలో ‘అదెందుకు అట్లా?’ అనండి. నోట్‌బుక్ చూడటానికి చదువు అక్కర్లేదు. ఎర్ర పెన్ను గీతలు ఉన్నాయా, తప్పు పెట్టిన చోట మళ్లీ రాసి సరిచేశారా, టీచర్ సంతకం ఉందా, మధ్యలో పేజీలు ఖాళీగా ఉన్నాయా. ఇవి కంటితో తెలిసిపోతాయి. ఖాళీ పేజీ కనిపిస్తే ఆ రోజు బడిలో ఏం జరిగిందో అడగండి. కొట్టు లెక్కలు, పాల లెక్క, కూలి లెక్క పిల్లలతో వేయించండి. బడికి రోజూ పంపడమే అన్నింటికంటే పెద్ద సాయం. పెళ్లికనో జాతరకనో వారం మానేస్తే ఆ వారం పాఠం ఎవరూ మళ్లీ మొదట్నుంచి చెప్పరు.

## 6 నుంచి 8 తరగతులు

ఐదో తరగతి వరకు ఫస్ట్ వచ్చేవాడు, ఆరులో మార్కులు పడిపోయాయి. ఏమైంది?

ఆరులో సబ్జెక్టుకో టీచర్ వస్తారు. హిందీ కొత్తగా మొదలయ్యే బడులూ ఉంటాయి. సైన్సు, సోషల్ పాఠాలు పొడుగవుతాయి, సొంత మాటల్లో జవాబు రాయమంటారు. బడి మారితే స్నేహితులూ మారతారు. మొదటి పరీక్షల్లో మార్కులు తగ్గడం మామూలే, ఆ ఒక్క కాగితం చూసి ట్యూషన్‌కి పరుగెత్తకండి. రెండో పరీక్ష కూడా అలాగే ఉంటే మాత్రం సబ్జెక్టు వారీగా చూడండి. అన్నిట్లో తగ్గాయంటే చదవడంలో, ముఖ్యంగా మీడియం భాషలో ఇబ్బంది ఉండొచ్చు. ఒక్క లెక్కల్లోనే తగ్గితే సాధారణంగా భిన్నాలు గానీ, రుణ సంఖ్యలు గానీ అడ్డం పడి ఉంటాయి.

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అంటే ఏమిటి? ప్రోగ్రెస్ కార్డు అర్థం కావట్లేదు.

ఎఫ్‌ఏ నిర్మాణాత్మక మూల్యాంకనం, ఏడాదిలో నాలుగుసార్లు జరుగుతుంది. ఇందులో నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒకటి, రాత పని ఒకటి, ప్రాజెక్టు ఒకటి, లఘు పరీక్ష, అంటే స్లిప్ టెస్ట్ ఒకటి. ఎస్‌ఏ సంగ్రహణాత్మక మూల్యాంకనం, ఇదే మనం పాత రోజుల్లో అనుకున్న అర్ధసంవత్సర, వార్షిక పరీక్ష.

కార్డులో మొత్తం మార్కుల కంటే ఎఫ్‌ఏలో స్లిప్ టెస్ట్ మార్కు చూడండి. మిగతా మూడింటిలో నిండుగా మార్కులుండి స్లిప్ టెస్ట్‌లో సగం కూడా రాకపోతే, ప్రాజెక్టు ఎవరో చేసిపెట్టారని, రాత పని గైడ్ చూసి ఎక్కించారని అనుమానించాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అట్టకు అతికించిన ప్రాజెక్టుతో పిల్లలు ఏమీ నేర్చుకోరు. వంకరగా ఉన్నా వాళ్ల చేతి రాతతో రాసిందే ఇవ్వనివ్వండి.

గైడ్ కొనివ్వాలా వద్దా?

పరీక్షల ముందు జవాబు సరిచూసుకోవడానికైతే ఫరవాలేదు. రోజువారీ హోంవర్క్ దానిలోంచి ఎక్కించడం మొదలైతే పుస్తకం తెరవడం మానేస్తారు. లెక్కల పుస్తకంలో అభ్యాసాలకు ముందు ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’ అని చిన్న లెక్కలుంటాయి. గైడ్ పట్టుకునే పిల్లలు వాటిని దాటేస్తారు. పాఠం అర్థమైందో లేదో తేలేది అక్కడే.

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చమంటున్నారు. చేర్చాలా?

నా అభిప్రాయంలో అక్కర్లేదు. 6, 7 తరగతుల పిల్లలకి తొమ్మిదో తరగతి సూత్రాలు ముందే ఇస్తే గుర్తుపెట్టుకుంటారు, కారణం తెలియకుండానే. ఆ తర్వాత అసలు పాఠం వచ్చినప్పుడు ‘ఇది నాకు వచ్చు’ అని వినడం మానేస్తారు. కోచింగ్ సెంటర్లలో 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని, పదో తరగతి పరీక్ష అయ్యాకే తీసుకోవాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. పిల్లలకి లెక్కలంటే నిజంగా ఇష్టముంటే పజిల్ పుస్తకాలు ఇవ్వండి, బడి పుస్తకంలో నిరూపణలు అడిగే లెక్కలు చేయించండి.

ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్ పరీక్ష ఉందట, మావాడు రాయొచ్చా?

దాని పేరు ఎన్‌ఎంఎంఎస్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లు, తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 3,50,000 రూపాయలు దాటనివాళ్లు రాయొచ్చు. మేధా సామర్థ్యం 90 మార్కులు, బడి సబ్జెక్టులు 90 మార్కులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు వేసవిలోనే తీసి పెట్టుకుంటే చివర్లో మీసేవ చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.

## 9, 10 తరగతులు

పదో తరగతిలో మార్కులు ఎలా లెక్క వేస్తారు? ఇంటర్నల్స్ తీసేశారా?

2022-23 నుంచి 11 పేపర్లు పోయి సబ్జెక్టుకి ఒక పేపర్ చొప్పున 6 అయ్యాయి. సైన్సులో భౌతిక, జీవశాస్త్రాలు వేర్వేరు రోజుల్లో రాస్తారు. రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20, అన్నీ కలిపి 600. ఆ 20 మార్కులు నాలుగు ఎఫ్‌ఏల సగటు. కాబట్టి జులైలో జరిగే మొదటి ఎఫ్‌ఏ కూడా పబ్లిక్ మార్కుల్లో భాగమే. పాస్ కావడానికి హిందీలో 20, మిగతా వాటిలో 35 రావాలి.

ఇంటర్నల్స్ తీసేస్తామని ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించి, ఆ ఏడాది మాత్రం అమలు చేయకుండా వాయిదా వేసింది. 2025 ఫలితాల్లో గ్రేడ్లతోపాటు మార్కులూ ఇచ్చారు. ఇలాంటి నిర్ణయాలు ఏడాది మధ్యలో కూడా మారుతుంటాయి. వాట్సాప్‌లో వచ్చింది నమ్మకుండా, మీ పిల్లల బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో హెచ్‌ఎంని అడగండి.

సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాయాలా?

2026 నుంచి రెండుసార్లు పెడుతున్నారు, కానీ మొదటిదే అందరికీ తప్పనిసరి. రెండోది ఇష్టమైతేనే, మార్కులు పెంచుకోవాలనుకుంటే గరిష్ఠంగా మూడు సబ్జెక్టులు రాయొచ్చు.

పదో తరగతికి వచ్చాడు, ఇప్పుడైనా ట్యూషన్ పెట్టించాలి కదా?

ముందు బడిలో ఏం జరుగుతోందో చూడండి. ప్రభుత్వ హైస్కూళ్లలో పబ్లిక్ పరీక్షల ముందు ఉదయం, సాయంత్రం స్పెషల్ క్లాసులు నడుస్తాయి. ప్రైవేటు బడుల్లో స్టడీ అవర్లు ఉంటాయి. వాటి మీద మళ్లీ ట్యూషన్ పెడితే పిల్లలకి సొంతంగా కూర్చుని ఒక పాఠం చదువుకునే గంట కూడా మిగలదు. వినడం వేరు, చేసి చూసుకోవడం వేరు. రెండోది లేకపోతే మొదటిది నిలవదు. ఒకటి, రెండు సబ్జెక్టుల్లోనే ఇబ్బంది ఉంటే వాటికి మాత్రమే పెట్టించండి, అదీ జూన్, జులైలోనే. జనవరిలో చేరితే ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించడం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక సబ్జెక్టులో తప్పితే ఏడాది పోయినట్టేనా?

పోదు. ఫలితాల తర్వాత అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు. మార్కులపై అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ అడగొచ్చు. ఆ రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకండి. మళ్లీ రాసే పరీక్ష గురించి రెండు రోజులాగి మాట్లాడినా ఏమీ మించిపోదు.

## ట్యూషన్ పెట్టించేటప్పుడు

ట్యూషన్ నిజంగా అవసరమా కాదా, ఎలా తెలుస్తుంది?

గత రెండు పరీక్షల జవాబు పత్రాలు, నోట్‌బుక్ ముందేసుకోండి. తప్పుల్ని చూడండి. ప్రశ్న అర్థం కాక వదిలేశారా? పద్ధతి తెలియదా? తెలిసినా టైం చాలలేదా? అసలు చదవలేదా? పద్ధతి తెలియకపోతే, బడిలో అడిగే అవకాశం లేకపోతే, అప్పుడు ట్యూషన్ ఉపయోగపడుతుంది. చదవకపోవడానికి కారణం ఫోనో, నిద్ర చాలకపోవడమో, ఇంట్లో గొడవలో అయితే ట్యూషన్ దాన్ని తీర్చలేదు. పక్కింటి పిల్లలు వెళ్తున్నారన్నది కారణం కాదు. ఇంట్లో ఇద్దరూ పనికెళ్తే సాయంత్రం పిల్లలు క్షేమంగా ఒకచోట ఉంటారని పంపేవాళ్లున్నారు. అది న్యాయమైన కారణమే. అప్పుడు దగ్గర్లో ఉన్నది, హోంవర్క్ చేయించేది చూసుకోండి, పెద్ద కోచింగ్ అక్కర్లేదు.

మా బడి సారే సాయంత్రం ట్యూషన్ చెబుతానంటున్నారు. పంపొచ్చా?

విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, తన క్లాసులో పిల్లలకే డబ్బు తీసుకుని విడిగా చెబితే, రానివాళ్ల మీద చూపు తగ్గుతుందేమోనన్న భయం మిగతా తల్లిదండ్రులకి ఉంటుంది. పిల్లలకి సందేహాలుంటే బడి సమయంలోనే, లంచ్‌లోనో చివరి పీరియడ్‌లోనో పది నిమిషాలు ఇవ్వమని అడగండి. చాలామంది టీచర్లు సంతోషంగా ఇస్తారు.

ట్యూషన్‌లో చేర్చే ముందు ఏం అడగాలి?

ఒక బ్యాచ్‌లో ఎంతమంది? ఒకే తరగతివాళ్లా, కలిపి కూర్చోబెడతారా? చెప్పేది ఎవరు, డెమో క్లాసుకి వచ్చిన సారేనా? బడి పుస్తకంలోంచి చెబుతారా, సొంత మెటీరియలా? మా బాబుకి ఏది రాదో ముందు పరీక్షించి చూస్తారా? చివరి ప్రశ్నకి వచ్చే జవాబును బట్టే నేనైతే నిర్ణయిస్తాను. ఏమీ చూడకుండా ‘మాకు వదిలేయండి, టాపర్‌ని చేస్తాం’ అనేవాళ్లని నమ్మకండి. ఒక్కసారి క్లాసు జరుగుతున్నప్పుడు బయట నిలబడి వినండి. సారు ఒక్కడే మాట్లాడుతున్నాడా, పిల్లల గొంతులు కూడా వినిపిస్తున్నాయా? గది, బాత్‌రూం, తిరిగి వచ్చే దారిలో లైట్లు కూడా చూసుకోండి, ముఖ్యంగా సాయంత్రం బ్యాచ్ అయితే.

ఎన్నాళ్లు పంపితే ఫలితం తెలుస్తుంది?

చేర్చిన రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ‘భిన్నాల కూడిక రావాలి’, ‘పేరా చదివి జవాబు సొంతంగా రాయాలి’, ఇలా. రెండు నెలల తర్వాత అదే పని ఇంట్లో, సాయం లేకుండా చేయమనండి. వస్తే ట్యూషన్ పని చేసింది, ఆపేయొచ్చు కూడా. రాకపోతే ట్యూటర్‌తో మాట్లాడి మార్చండి. ‘మానేస్తే మార్కులు పోతాయేమో’ అన్న భయంతోనే ఏళ్ల తరబడి సాగే ట్యూషన్లు ఎన్నో. పిల్లలకి ట్యూటర్ లేకుండా పుస్తకం తెరిచే ధైర్యం రావాలి.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టాం. మధ్యలో మానేస్తే తిరిగి ఇస్తారా?

కేంద్రం 2024 మార్గదర్శకాల ప్రకారం, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో తిరిగివ్వాలి. ఈ మార్గదర్శకాలు 50 మందికి మించిన కోచింగ్ సెంటర్లను ఉద్దేశించినవి. ఇంటి దగ్గర నడిచే చిన్న ట్యూషన్లు ఇందులోకి రావు, అక్కడ నెలనెలా కట్టడమే క్షేమం. రసీదు తప్పకుండా తీసుకోండి. ఆన్‌లైన్ యాప్ వాళ్లు ‘ఈఎంఐ’ అంటే అది మీ పేరు మీద అప్పు అని గుర్తుంచుకోండి. క్లాసులు మానేసినా బ్యాంకు ఖాతాలోంచి వాయిదాలు పోతూనే ఉంటాయి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ట్యూషన్‌కి డబ్బు పెట్టలేం. ఉచితంగా ఏమైనా ఉందా?

స్టేట్ సిలబస్ పుస్తకాలన్నీ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. పుస్తకంలో పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌లో దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు తెరుచుకుంటాయి. టీ-శాట్ విద్య ఛానెల్‌లో పాఠాలు వస్తాయి. వీడియో పెట్టి వదిలేయకండి. సగంలో ఆపి, తర్వాత ఏమవుతుందో పిల్లల్ని చెప్పమనండి. ఊళ్లో డిగ్రీ చదివే అక్కలు, అన్నలు ఉంటే వారానికి రెండు సాయంత్రాలు కూర్చోమని అడగండి.

ట్యూషన్‌కి వెళ్లనని ఏడుస్తున్నాడు. బలవంతంగా పంపాలా?

ముందు ఎందుకో తెలుసుకోండి. అలసట కావచ్చు, పాఠం అర్థం కాక సిగ్గు కావచ్చు, అక్కడ కొడుతూ ఉండొచ్చు, ఎవరైనా ఇబ్బంది పెడుతూ ఉండొచ్చు. ‘ఎందుకు వెళ్లవు?’ అని గద్దిస్తే చెప్పరు. పక్కన పడుకోబెట్టుకుని, అక్కడ ఎవరెవరు కూర్చుంటారు, సారు ఏం చేస్తారు, ఎవరంటే ఇష్టం అని అడిగితే ఒక్కో ముక్కా బయటికొస్తుంది. కొట్టినా, తాకకూడని చోట తాకినా ఆ రోజే మాన్పించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

## బడితో మాట్లాడేటప్పుడు

పీటీఎంలో ఏం అడగాలో తెలియక తలూపి వచ్చేస్తున్నాం.

ప్రభుత్వ బడుల్లో పీటీఎం, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం, నెలనెలా మూడో శనివారం ఉంటుంది. ‘మావాడు ఎలా చదువుతున్నాడు సార్?’ అంటే ‘బాగానే’ అనే జవాబే వస్తుంది. నోట్‌బుక్ పట్టుకెళ్లి ఒక పేజీ తెరిచి, ‘ఇక్కడెందుకు తప్పు పోయింది? ఇంట్లో ఏం చేయించమంటారు?’ అని అడగండి. తరగతిలో ఎక్కడ కూర్చుంటాడు, బోర్డు కనిపిస్తోందా, చెయ్యెత్తి అడుగుతాడా అనేవి కూడా కనుక్కోండి. కళ్లజోడు అవసరమని పీటీఎంలో తెలిసిన పిల్లలు తక్కువేం లేరు. పనిరోజు కూలి పోతుందని రాలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడతామని ముందే చెప్పొచ్చు.

ఐదో తరగతి అయినా అక్షరాలు తారుమారు చేస్తోంది. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది. ఏం చేయాలి?

బద్ధకమని కొట్టకండి. మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కావచ్చు. తెలివికీ దానికీ సంబంధం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని కూడా గుర్తించింది. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లు ఉంటారు, హెచ్‌ఎంని అడిగితే చెబుతారు. వైద్య ధ్రువీకరణ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు ఉంటాయి. పదో తరగతి దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

బడి మార్చాలనుకుంటున్నాం. టీసీ ఇవ్వడం లేదు, ఏం చేయాలి?

ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారాలంటే హెచ్‌ఎం వెంటనే టీసీ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. టీసీ ఆలస్యమైందని చేరే బడి అడ్మిషన్ ఆపకూడదు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ నకలుతో ఎంఈఓని (మండల విద్యాధికారిని) కలవండి. వీలైతే బడి మార్పు ఏప్రిల్, జూన్ మధ్యలో పెట్టుకోండి. పదో తరగతిలో మాత్రం నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లాక మారడం చాలా కష్టం.